మీట ముట్టని బాబాయ్

మా నీటి సరఫరా ఆఫీసులో బాబాయ్‌కి అంతుబట్టని కంప్యూటర్ జబ్బు లేదు. అలాగే ఆయన ఇంకొకరి కీబోర్డు మీద వేలు పెట్టగా చూసిన మనిషీ లేడు. ఎవరు పిలిచినా ఒక స్టూలు చంకన పెట్టుకుని వస్తాడు, కుడిపక్కన వేసుకుని కూర్చుంటాడు, రెండు చేతులూ వీపు వెనక్కి కట్టేసుకుంటాడు. "నేను ముట్టను. నువ్వే కొట్టు" అంటాడు. కొంప మునిగిపోతున్నా అదే మాట. ఇది మాటవరసకి అనడం లేదు. ఒకరోజు నిజంగానే కొంపలు మునిగాయి, అప్పుడు కూడా ఆ చేతులు ముందుకి రాలేదు.

ఆయన అసలు ఉద్యోగం పాత రికార్డులు చూసుకోవడం. ఇంజనీరు గారి దగ్గర్నుంచి గేటు కాపలా తాత దాకా అందరికీ ఆయన బాబాయే. కాపలా తాత ఆయనకంటే పన్నెండేళ్లు పెద్ద. ఈ వరస ఎలా కుదిరిందని ఒకసారి అడిగాను.

"ఏమోనమ్మా, ఇక్కడ చేరిన రోజున అందరూ అలాగే అంటున్నారు. నేనొక్కణ్ణే వేరేగా పిలిస్తే బాగుండదని కలిసిపోయాను" అన్నాడు తాత.

రికార్డులంటే బీరువాల్లో కాగితాలు అనుకునేరు. నేను బడికి వెళ్తున్న రోజుల్లో ఈమెయిలు అక్షరాల్ని మాత్రమే మోసేదట. మ్యాపు పంపాలన్నా, బొమ్మ పంపాలన్నా ముందు దాన్ని అక్షరాల మూట కట్టాలి. మూట పైన 'బిగిన్' అని ఫైలు పేరుతో ఒక లైను, అడుగున 'ఎండ్' అని ఒక లైను. మధ్యలో ఏ భాషకీ చెందని అక్షరాలు, అంకెలు, గుర్తులు పేజీలకి పేజీలు. అందుకున్నవాళ్లు కంప్యూటర్‌లో నల్ల తెర తెరిచి, 'యూయూడీకోడ్' అని కొట్టి, పక్కన ఫైలు పేరు కొడితే మూట విడిపోయి లోపలి బొమ్మ బయటికొస్తుంది. మా ఊరి కింద పాతిపెట్టిన గొట్టాల మ్యాపులన్నీ ఇలాంటి మూటల్లోనే ఉన్నాయి. ఎప్పటికి ఏది కావాలంటే అప్పటికి అది విప్పుకుంటాం. విప్పే ప్రతిసారీ బాబాయ్ మొదటి ప్రశ్న ఒకటే.

"తలా తోకా ఉన్నాయా?"

బిగిన్ తల, ఎండ్ తోక. రెండూ ఉంటేనే మూట విప్పాలి, లేకపోతే పంపినవాళ్లకి వెనక్కి కొట్టాలి. ఈ ప్రశ్న ఆయనకి ఎంత అలవాటైపోయిందంటే దేన్ని చూసినా అదే అడిగేవాడు. యూనియన్ నాయకుడు వార్షికోత్సవంలో గంటన్నర మాట్లాడుతుంటే నా చెవిలో, "తల పావుగంట క్రితం దాటింది. తోక జాడే లేదు" అన్నాడు. ఇద్దరు గుమాస్తాలు కిటికీ తలుపు గురించి వాదులాడుకుంటుంటే మధ్యలో నిలబడి, "ముందు తల ఎక్కడో చెప్పండి నాయనా" అన్నాడు. తల ఎక్కడో ఇద్దరికీ గుర్తు లేదు. గొడవ అక్కడితో ఆగింది.

స్టోర్ కీపర్ కథ చెప్పకపోతే ఈయన గురించి సగమే చెప్పినట్టు. ఆయనకి ఒకరోజు పంపుల కంపెనీ నుంచి ఇలాంటి మూటే వచ్చింది. తెర నిండా పిచ్చి అక్షరాలు చూసి, వైరస్ వచ్చిందని హడలిపోయి, వైర్లన్నీ పీకేసి, కంప్యూటర్ మీద రెయిన్‌కోటు కప్పాడు. అంటుకుంటుందేమోనని చేతులు సబ్బుతో కడుక్కుని మరీ వచ్చి బాబాయ్‌ని పిలిచాడు.

"కొట్టు. యూ."

"ఎక్కడుంది?"

"వెతుకు."

"దొరికింది. తర్వాత?"

"ఇంకో యూ."

"ఉన్నది ఒక్కటే కదా బాబాయ్. ఇందాకే వాడేశాను."

"దాన్నే మళ్లీ కొట్టొచ్చు. అరగదులే."

ఒక్క లైను కొట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. బాబాయ్ ఆవలించలేదు, విసుక్కోలేదు, చెయ్యి కదపలేదు. చివరికి మూట విడిపోయి, లోపల్నుంచి కొత్త పంపు వాషరు బొమ్మ తెర మీదికొచ్చింది. స్టోర్ కీపర్ ఎగిరి గంతేశాడు. ఆఫీసులో ముప్ఫై మందినీ పేరుపేరునా పిలిచి, "నేను విప్పాను, నేనే విప్పాను" అని ఆ వాషరు చూపించాడు. ఆయన సొంత మనవణ్ణి మొదటిసారి చూపించినప్పుడు కూడా అంత హడావుడి లేదు.

ఇంట్లో ఎలా ఉంటాడోనని నాకు అనుమానం. ఆయన భార్యని మేము పిన్ని అంటాం. ఒకసారి ఆఫీసుకొచ్చినప్పుడు అడిగేశాను.

"ఇంట్లో కూడా ముట్టనంటారా పిన్నీ?"

"నా ఫోను ముట్టరు. టీవీ రిమోట్ ముట్టరు. కూరగాయల కత్తి మాత్రం ముట్టిస్తాను, అక్కడ ఆయన ఆటలు నా దగ్గర సాగవు" అంది పిన్ని. "పోయిన వారం సరుకుల జాబితా మూటకట్టి పంపారమ్మా నాకు. పైన తల, కింద తోక. నేను తక్కువ తిన్నానా, నా జవాబూ మూటకట్టి పంపాను."

"ఏం రాశారు?"

"'మీరే తెండి' అని."

ఇక నా సంగతి. నేను మ్యాపుల గదిలో చేరి అప్పటికి అయిదు నెలలు. ఆరు నెలలు నిండాక పని బాగుంటే ఉద్యోగం ఖాయం చేస్తారు, లేకపోతే ఇంటికి పొమ్మంటారు. మా ఇంట్లో నలుగురిలో జీతం వచ్చేది నాకొక్కదానికే. కాబట్టి ఏ పని చెప్పినా అడిగినదానికి రెట్టింపు చేసేదాన్ని. నన్ను ముంచింది ఆ రెట్టింపే.

బాబాయ్ కంటి ఆపరేషన్‌కి రెండు వారాలు సెలవు పెట్టాడు. అప్పుడే పాత మెషీను తీసేసి కొత్తది పెట్టారు. "పాత మెయిళ్లన్నీ కొత్తదాంట్లోకి మార్చు. కాస్త శుభ్రం కూడా చెయ్యి" అన్నాడు మా సెక్షన్ పెద్దాయన. తెరిచి చూశాను. ఒక్కో మ్యాపు పదేసి ముక్కలుగా వచ్చింది. మెయిళ్ల పైనుండే అడ్రసులూ తేదీలూ తీసేశాను, మంచిదే. కానీ లోపల ప్రతి లైను మొదటా ఒక 'ఎమ్' అక్షరం ఉంది. వరసగా, నిలువునా, వందల లైన్లు, అన్నిటికీ ఎమ్. పాపం ఎవరి కీబోర్డులోనో ఎమ్ మీట ఇరుక్కుపోయి ఉంటుంది అనుకున్నాను. మూడు రోజులు ఒక్కొక్కటే తీశాను. నాలుగో రోజు అన్నీ ఒకేసారి తీసే ఉపాయం కనిపెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ప్రతి మూట అడుగునా తోకకి ముందు నలకంత గుర్తు ఒకటి ఒంటరిగా ఉంది. దుమ్మనుకుని దాన్నీ తీసేశాను.

సెక్షన్ పెద్దాయన చూసి, "అబ్బ, ఎంత పొందిగ్గా ఉందమ్మా" అన్నాడు. పాత మెషీను మర్నాడే తుక్కు బండి ఎక్కింది.

బాబాయ్ సెలవు నుంచి వచ్చిన వారానికి, ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి, బేకరీ వీధిలో పెద్ద గొట్టం పగిలింది. వాల్వు మేస్త్రి ఫోన్ చేశాడు. ఇంజనీరు గారు ఫోన్ పట్టుకుని మా గదిలోకి పరిగెత్తుకొచ్చి, స్పీకర్ పెట్టి బల్ల మీద పడేశారు. వెనక నీళ్ల హోరు.

"వాల్వు కనపడట్లేదు సార్. దాని మూత మీద నాలుగు సార్లు రోడ్డేశారు. నీళ్లు మోకాలు దాటాయి. బేకరీ ఆయన పిండి బస్తాలు మేడ మీదికి మోయిస్తున్నాడు. కింద రెండిళ్లలోకి నీళ్లు పోయాయి."

"పంపుహౌస్ దగ్గరే కట్టేస్తే పోలా" అన్నాడు సెక్షన్ పెద్దాయన.

"కట్టొచ్చు. కానీ అక్కడ కడితే పెద్దాసుపత్రికి కూడా నీళ్లు ఆగుతాయి, వాల్వు కడితే ఈ వీధికే ఆగుతాయి" అన్నారు ఇంజనీరు గారు. "కిడ్నీ వార్డులో ఇప్పుడు పద్నాలుగు మంది మెషీన్ల మీద ఉన్నారట. వాళ్ల ట్యాంకులో నీళ్లు అరగంటకి మించి రావు. అయినా పన్నెండు దాటితే కట్టక తప్పదు, ఇళ్లు కూలతాయి. అమ్మాయ్, ఆ వీధి మ్యాపు తీ."

ఆ వీధి మ్యాపు పదకొండు ముక్కల మూట. ఈలోగా బాబాయ్ స్టూలుతో సహా ప్రత్యక్షమయ్యాడు. కుడిపక్కన వేసుకున్నాడు. కూర్చున్నాడు. చేతులు వెనక్కి వెళ్లాయి.

"బాబాయ్, ఈ ఒక్కసారికీ మీరే కొట్టండి. మీకు దణ్ణం పెడతాను" అన్నారు ఇంజనీరు గారు.

"నేను ముట్టను సార్. అమ్మాయి కొడుతుంది."

"అక్కడ కొంపలు మునుగుతున్నాయి బాబాయ్."

"అందుకే తొందరపడకూడదు. కొట్టమ్మా, పదకొండు ముక్కల్నీ ఒకటిగా కలుపు."

కలిపాను. ఆయన కొత్త కన్ను చిట్లించి తెరలోకి చూశాడు.

"తల ఉంది. తోక... ఇదేంటి, తోక పొట్టలో ఉంది."

నిజమే. నేను పేర్లన్నీ కొట్టకుండా 'అన్నీ కలుపు' అన్నాను. మెషీను ఒకటో ముక్క తర్వాత పదీ పదకొండూ పెట్టి, ఆ తర్వాత రెండు పెట్టింది. దానికి ఒకటితో మొదలయ్యేవన్నీ ఒక కుటుంబం. మళ్లీ ఒక్కో ముక్క పేరూ వరసగా కొట్టి కలిపాను. తోక అడుక్కి వచ్చింది. యూయూడీకోడ్ కొట్టాను. మెషీను వెంటనే జవాబు చెప్పింది, తోక లేదని.

"పదకొండుంపావు" అన్నారు ఇంజనీరు గారు, ఎవరూ అడగకుండానే.

"ఎదురుగా తోక పెట్టుకుని తోక లేదంటోందంటే, దారిలో ఎక్కడో తప్పిపోయింది. మధ్యలోకి పద" అన్నాడు బాబాయ్. తెర పైకి జరిపాను. ఆయన తెరకి దగ్గరగా వంగాడు. "ప్రతి లైను ముందూ ఒక ఎమ్ ఉండాలే. ఈ లైనులో సరుకు ఎంతుందో మెషీనుకి చెప్పేది అదే. తల ఉంది, తోక ఉంది, వెన్నెముక ఎవరో లాగేశారు."

ఫోనులో మేస్త్రి అరిచాడు, నీళ్లు తొడల దాకా వచ్చాయని. ఇంజనీరు గారు ఫోను తీసుకుని వరండాలోకి పరిగెత్తారు. ఆ కాస్త సందులో నేను గొంతు తగ్గించి చెప్పేశాను.

"నేనే తీశాను బాబాయ్. తప్పు పడ్డాయనుకున్నాను."

తిడతాడనుకున్నాను. ఆయన స్టూలు అంగుళం దగ్గరికి జరుపుకున్నాడు.

"అన్నీ తీశావా?"

"అన్నీ."

"ఒక్కటి కూడా వదల్లేదు కదా. బాగా గుర్తు తెచ్చుకో."

"వదల్లేదు బాబాయ్. రెండుసార్లు సరిచూసుకున్నాను."

ఆయన మొహం వెలిగిపోయింది. "బతికించావు. సగం తీసి సగం వదిలేసే బద్ధకస్తులైతే ఈరోజు చచ్చేవాళ్లం. మరి ఆఖరి పొట్టి లైను?"

"దానికి ఎమ్ లేదు. ముట్టుకోలేదు."

"దాని కింద ఒంటరిగా ఒక గుర్తు ఉండాలి."

"దుమ్మనుకున్నాను."

"సరుకు అయిపోయిందని చెప్పే గుర్తు అది. ముందు దాన్ని పెట్టు. ఎమ్ పోయిన లైన్లన్నిటికీ సరిగ్గా అరవై అక్షరాలు మిగిలి ఉంటాయి. అరవై ఉన్న ప్రతి లైను ముందూ ఎమ్ పెట్టమని మెషీనుకి ఒక్క మాట చెబితే చాలు. తీసిన చేతులేగా, పెట్టలేవా?"

ఆ ఒక్క మాట కొట్టడానికి నాకు నాలుగు ప్రయత్నాలు పట్టాయి. తొందరలో ఒకసారి అరవైకి బదులు ఆరొందలు కొట్టాను. ఇంకోసారి కొటేషన్ గుర్తు మరిచిపోయాను.

"మళ్లీ కొట్టు" అంటాడాయన, పెళ్లి భోజనంలో మారు వడ్డించినంత తీరిగ్గా.

ఇంజనీరు గారు తిరిగొచ్చి గడియారం చూశారు. పదకొండూ నలభై అయిదు. ఆయన ఓర్పు అక్కడితో సరి. బాబాయ్ వెనక్కి వెళ్లి, "ఆ చేతులిలా ఇవ్వండి" అని మణికట్టు పట్టుకుని లాగారు. బాబాయ్ వేళ్లు వేళ్లలోకి మెలేసుకుని బిగించాడు. ఇంజనీరు గారు లాగుతున్నారు, స్టూలు వెనక్కి జరుగుతోంది, బాబాయ్ తెర మీంచి కన్ను తిప్పకుండా, "స్పేస్ ఇవ్వలేదమ్మా అక్కడ" అంటున్నాడు. స్పేస్ ఇచ్చాను. ఎంటర్ కొట్టాను.

తెర మీద నిలువునా ఎమ్‌లు బారులు తీరాయి. నా జన్మలో అంత అందమైన అక్షరం చూడలేదు. యూయూడీకోడ్ కొట్టాను. ఈసారి మెషీను ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే పని అయినట్టేనట. ఫైలు తెరిస్తే బొమ్మ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగింది. వీధి, మలుపు, బేకరీ, దాని మెట్టు. ఎప్పుడో రిటైరైపోయిన సర్వేయరు ముత్యాల్లాంటి చేతిరాతతో కొలతలు వేసి ఉన్నాయి.

"బేకరీ మెట్టు కుడి మూల నుంచి పదకొండు అడుగుల నాలుగంగుళాలు" అని నేనే ఫోనులోకి అరిచాను. "ఎదురింటి గేటు స్తంభం నుంచి తొమ్మిది అడుగులు. ఆ రెండు టేపులూ కలిసేచోట తవ్వండి."

నీళ్ల హోరులో టేపులు లాగేవాళ్ల కేకలు వినపడ్డాయి. "అక్కడ పేపర్ల బంకు ఉంది మేడమ్" అన్నాడు మేస్త్రి.

"జరపండి" అని గదిలో అందరం ఒకేసారి అన్నాం.

గడ్డపార దెబ్బలు. ఇనుము మీద ఇనుము మోగిన చప్పుడు. మేస్త్రి వాల్వు తిప్పుతూ గట్టిగా లెక్కపెడుతుంటే మేమూ ఇక్కడ లెక్కపెట్టాం. పందొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై ఆరో చుట్టు దగ్గర హోరు సన్నబడింది.

"తగ్గుతోంది సార్. ఆగిపోయింది" అన్నాడు మేస్త్రి. పన్నెండుకి మూడు నిమిషాలు తక్కువ. ఆసుపత్రికి ఒక్క నిమిషం కూడా నీళ్లు ఆగలేదు. స్టోర్ కీపర్ నన్ను, సెక్షన్ పెద్దాయనని, వరండాలో పోతున్న ఎవర్నో కూడా కౌగిలించుకున్నాడు. ఈ గోలలో బాబాయ్ స్టూలు చంకన పెట్టుకుని ఎప్పుడు వెళ్లిపోయాడో చూడలేదు.

సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. వాల్వు వెతకడానికి గంటన్నర ఎందుకు పట్టింది, ఫైళ్లు ఎవరు పాడుచేశారు, వివరంగా రాయండి అని పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. నా ఆరు నెలల కాగితం ఇంజనీరు గారి బల్ల మీదే ఉంది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు నన్ను పిలిచారు. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసుకుని లోపలికెళ్లాను. నేను అది ఇచ్చేలోపు ఆయనే నా చేతిలో ఇంకో కాగితం పెట్టారు. పై ఆఫీసు పంపిన మెచ్చుకోలు ఉత్తరం, నా పేరు మీద. దానికింద నా ఉద్యోగం ఖాయమైన ఆర్డరు.

"ఇది నాకు రావాల్సింది కాదు సార్. పాడుచేసిందే నేను."

"తెలుసు. రిపోర్టులో అదే రాశాను. శుభ్రం చేయడంలో పొరపాటు జరిగింది, చేసినమ్మాయే గంటన్నరలో సరిచేసింది అని. మెషీనులో నీ లాగిన్ మీద ప్రతి లైనూ నమోదై ఉంది, వాళ్లు చూసుకున్నారు."

"కొట్టింది నేనే గానీ, చెప్పిందంతా బాబాయ్."

ఇంజనీరు గారు నవ్వి, బీరువాలోంచి ఒక పాత ఫైలు తీసి నా ముందు తెరిచారు. ఇరవై ఏళ్ల మెచ్చుకోలు ఉత్తరాలు, మొత్తం పదకొండు. పంపుల డ్రాయింగులు విప్పినందుకు స్టోర్ కీపర్‌కి ఒకటి. పోయిన ఫోన్ నంబర్ల పుస్తకం తిరిగి తెచ్చినందుకు ఆపరేటర్ అక్కకి ఒకటి.

"ఆ నంబర్లు ఎలా పోయాయో తెలుసా? ఆవిడే తుడిచేసింది. అట్టడుగున ఉన్నది చూడు."

అట్టడుగు ఉత్తరం మీద ఉన్నది ఇంజనీరు గారి పేరే. చేరిన కొత్తలో పంపుహౌస్ రీడింగుల ఫైళ్లు కాపాడినందుకు.

"వాటిని పోగొట్టింది కూడా నేనే" అన్నారాయన. "ఆ రోజు ఆయన ఒక్క మీట నొక్కి ఉంటే, కాపాడినవాడు ఆయన అయ్యేవాడు, పోగొట్టినవాణ్ణి నేను అయ్యేవాణ్ణి. నేనిప్పుడు ఈ కుర్చీలో ఉండేవాణ్ణి కాదు. ఈ ఫైలు మొత్తం వెతుకు, ఆయన పేరు ఎక్కడా కనపడదు."

బాబాయ్ మీద కోపంతో, ఆ గంటన్నరలో మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది.

"మరి ఆ రోజు ఆయన చేతులు లాగారు కదా సార్ మీరు?"

"పదిహేను నిమిషాలే ఉందమ్మా. భయమేసింది" అన్నారు ఇంజనీరు గారు. "ఇంకో సంగతి. మనకి తెలుసని ఆయనకి తెలియకూడదు. నేను వెనకటికి ఒకసారి ఆయనకి థాంక్స్ చెప్పాను. సిగ్గుపడిపోయి నాలుగు రోజులు ఆఫీసుకి రాలేదు. ఆ నాలుగు రోజులూ ఒక్క ఫైలు తెరుచుకోలేదు. ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవ్వరం బయటపడం."

ఉత్తరం తీసుకుని రికార్డుల గదికెళ్లాను. బాబాయ్ దాన్ని మొదటి లైను నుంచి సంతకం దాకా శ్రద్ధగా చదివాడు. తలా తోకా ఉన్నాయని తృప్తిపడ్డాడు కాబోలు, కళ్లజోడు పైకి నెట్టుకుని నా వంక ఎంతో ఆశ్చర్యంగా చూశాడు.

"అబ్బో. ఆ మ్యాపు విప్పింది నువ్వేనన్నమాట."

"నేనే బాబాయ్."

"ఒక్కదానివే? ఎవరూ సాయం చేయలేదూ?"

నవ్వు ఆపుకోవడానికి నా పెదవి నేనే కొరుక్కోవాల్సి వచ్చింది. "పక్కన ఎవరో కూర్చున్నట్టే ఉన్నారు బాబాయ్. హడావుడిలో సరిగ్గా చూడలేదు."

"అదీ పద్ధతి" అన్నాడు బాబాయ్ మహా సంతోషంగా. "పని చేసుకునేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్లని అస్సలు పట్టించుకోకూడదు."